సినిమాకూ ఒక టీసీ

టీసీ అంటే ఏమిటో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. అమ్మకో నాన్నకో బదిలీ ఆర్డరు వచ్చిందంటే ఇంట్లో సామాను సర్దడం, స్కూలు ఆఫీసులో టీసీకి దరఖాస్తు పెట్టడం ఒకేసారి మొదలవుతాయి. ఆ కాగితం మీద పాత ప్రిన్సిపాల్ గారి సంతకం, ముద్ర చూసి కొత్త స్కూలు వాళ్లు మనల్ని చేర్చుకుంటారు. ఒక స్కూలు చెప్పిన మాటను ఇంకో స్కూలు నమ్ముతుంది. టీసీ విలువంతా ఆ నమ్మకంలోనే ఉంది.

పాఠాలు చెప్పే సినిమాలు ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లేటప్పుడు వాటికీ ఇలాంటి కాగితం ఒకటి ఉంటుందని మీకు తెలుసా?

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులవి. చాలా దేశాల్లో పాఠశాలలు కూలిపోయాయి, పుస్తకాలకు కొరత. చదువు చెప్పడానికి సినిమా, గ్రామఫోను రికార్డు బాగా పనికొస్తాయని ఉపాధ్యాయులు గుర్తించారు. అయితే సినిమా రీలు డబ్బా సరిహద్దు దాటాలంటే కస్టమ్స్ వారికి సుంకం కట్టాలి. కొన్ని దేశాల్లో దిగుమతి లైసెన్సు కూడా కావాలి. డబ్బాలో ఉన్నది వినోదమో, విజ్ఞానశాస్త్ర పాఠమో పైనుంచి చూస్తే తెలియదు కదా! లాభం కోసం తీసిన సినిమాకు పడే సుంకమే పాఠానికీ పడితే ఒక మామూలు పాఠశాల దాన్ని ఎలా తెప్పించుకుంటుంది?

ఈ ఇబ్బంది తీర్చడానికి యునెస్కో 1948లో లెబనాన్ రాజధాని బీరూట్‌లో జరిగిన తన మహాసభలో ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. అందుకే దాన్ని బీరూట్ ఒప్పందం అంటారు. అది 1954 ఆగస్టు 12న అమల్లోకి వచ్చింది. సినిమాలు, ఫిల్మ్‌స్ట్రిప్‌లు, రికార్డులు, గాజు స్లైడ్‌లు, నమూనాలు, గోడ పటాలు, మ్యాపులు, పోస్టర్లు అన్నీ దాని కిందికి వస్తాయి. చేరిన దేశాలు ఇలాంటి సామగ్రికి దిగుమతి సుంకం మినహాయించాలి, లైసెన్సు అడగకూడదు. మన ఉపఖండంలో పాకిస్తాన్ తొలినాళ్లలోనే ఇందులో చేరింది. అమెరికాకు ఇది 1967లో వర్తించింది.

మరి ఏది పాఠమో తేల్చేది ఎవరు? ఒప్పందం మూడు షరతులు పెట్టింది. ఒకటి, ఆ సామగ్రి ముఖ్య ఉద్దేశం బోధించడమో, సమాచారం ఇవ్వడమో, జ్ఞానం పెంచడమో కావాలి. రెండు, అందులో ఉన్నది యథార్థంగా, ఖచ్చితంగా ఉండాలి. మూడు, బొమ్మ, ధ్వని వాడుకోవడానికి వీలైనంత బాగుండాలి. ఇవి చూసి, పంపే దేశపు ప్రభుత్వ సంస్థ ధ్రువపత్రం ఇస్తుంది. తెప్పించుకునే దేశం ఆ పత్రాన్ని గౌరవించి నిర్ణయం తీసుకుంటుంది. ఒప్పుకోకపోతే వెంటనే తోసిపుచ్చకూడదు. ముందుగా పత్రం ఇచ్చిన ప్రభుత్వానికి చెప్పాలి. అప్పుడు ఆ ప్రభుత్వం స్నేహపూర్వకంగా తన వాదన వినిపించవచ్చు.

ఇది సెన్సార్ సర్టిఫికెట్ లాంటిది కాదు. మన దేశంలో సినిమా హాల్లో వేసే చిత్రానికి సెన్సార్ బోర్డు ఇచ్చే పత్రం లేకపోతే ఆ సినిమాను ప్రదర్శించకూడదు. బీరూట్ పత్రం లేకపోతే సినిమాపై నిషేధమేమీ ఉండదు. సుంకం కట్టి పంపుకోవచ్చు. వినడానికి ఇది చిన్న తేడాలా ఉంటుంది. కానీ ఒక పాఠశాలకో, గ్రంథాలయానికో అమ్మే చిన్న నిర్మాతకు ఆ సుంకం పెద్ద బరువు. అసలు గొడవ ఇక్కడే మొదలైంది.

అమెరికాలో ఈ పత్రాలిచ్చే పని యునైటెడ్ స్టేట్స్ ఇన్ఫర్మేషన్ ఏజెన్సీ చేసేది. విదేశాల్లో తమ దేశం గురించి మంచిగా చెప్పడం ఆ సంస్థ అసలు పని. ఏదో ఒక పక్షాన మాట్లాడే సినిమాలకు, దేశాన్ని తప్పుగా అర్థం చేసుకునే వీలున్న సినిమాలకు పత్రం ఇవ్వరాదని అది నియమాలు రాసుకుంది. 1980లలో యురేనియం గనుల వల్ల జరిగే హాని గురించి తీసిన ఒక చిత్రానికీ, నికరాగువా గురించి తీసిన మరో చిత్రానికీ, ఇంకా కొన్నింటికీ పత్రం దొరకలేదు. అణు పరిశ్రమ వారు తీయించిన రేడియేషన్ చిత్రానికి మాత్రం దొరికింది.

బుల్‌ఫ్రాగ్ ఫిల్మ్స్ అనే సంస్థ, మరికొందరు నిర్మాతలు కోర్టుకు వెళ్లారు. అప్పటి ఏజెన్సీ అధిపతి చార్లెస్ విక్ పేరు మీద అది బుల్‌ఫ్రాగ్ వర్సెస్ విక్ కేసుగా పేరు పొందింది. "మేం ఎవరి నోరూ మూయలేదు, ఒక సౌకర్యం ఇవ్వలేదు, అంతే" అన్నది ప్రభుత్వ వాదన. జడ్జి వాలెస్ తషీమా 1986లో ఆ నియమాలు భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని తీర్పు చెప్పారు. 1988లో పై కోర్టు కూడా అదే మాట నిలబెట్టింది. సౌకర్యమైనా సరే, అభిప్రాయం నచ్చిందా లేదా అని చూసి పంచిపెట్టకూడదని దీని సారాంశం.

ఆ తర్వాత నియమాలు మారాయి. ఇప్పుడు అమెరికా విదేశాంగ శాఖ ఈ పని చూస్తోంది. ఒక సినిమా ఏదో ఒక వాదాన్ని సమర్థిస్తోందనో, ఎదుటి వాదాన్ని చెప్పలేదనో పత్రం నిరాకరించకూడదు. దానికి ప్రచార చిత్రం అని ముద్ర వేయకూడదు.

మన టీసీలో 'ప్రవర్తన' అని ఒక గడి ఉంటుంది. తరగతిలో ఇష్టంలేని ప్రశ్న అడిగినందుకు అందులో 'బాగాలేదు' అని రాస్తే ఎలా ఉంటుంది? ఆ ఒక్క మాట కొత్త ఊరికి మనకంటే ముందే చేరిపోతుంది. టీసీ రాసేవారు చూడాల్సింది మనం చదివామా లేదా అన్నదే, ఎవరితో ఏకీభవించామన్నది కాదు. సినిమాకు రాసే టీసీకైనా అంతే.

ఈ రోజుల్లో పాఠం ఇంటర్నెట్‌లో వచ్చేస్తోంది, రీలు డబ్బా అక్కర్లేదు. అయినా "ఇది విద్య, ఇది ప్రచారం" అని ముద్ర వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈసారి అలాంటి ముద్ర కనబడితే, అది వేసింది ఎవరు, ఏ కొలతతో అని ఒక్కసారి అడిగి చూడండి.