మోకాలికి లేజర్ వెలుగు: గుణం ఎంతో కొలిచి చూడాల్సిందే

నాట్లు, కలుపుతీతలు ముగిసేసరికి పల్లెల్లో మోకాళ్ళు పట్టుకుని కూర్చునేవారు ఎక్కువవుతారు. ఆవనూనె మర్దన, ఉప్పు కాపడం, మందుల షాపు మాత్రలు అన్నీ అయ్యాక చివరికి పట్నం బస్సెక్కుతారు. అక్కడ ఫిజియోథెరపీ క్లినిక్కుల్లో "లేజర్ పెడతాం, పదిసార్లు రండి" అన్న మాట వినిపిస్తుంది.

చిన్న టార్చిలైటు వంటి పరికరాన్ని మోకాలి చుట్టూ నాలుగైదు చోట్ల ఆనించి, అర నిమిషమో నిమిషమో వుంచి తీస్తారు. వేడి తగిలినట్లు వుండదు. సూది లేదు, మాత్ర లేదు. చూడడానికి ఇంతకన్న సుఖమైన వైద్యం లేదనిపిస్తుంది. అయితే పదిసార్లు వెళ్ళడమంటే ఫీజుతో పాటు బస్సు ఛార్జీలు, పది రోజుల కూలి కూడా ఖర్చు రాసుకోవాలి. కాబట్టి ఈ వెలుగు నిజంగా పనిచేస్తుందా, పనిచేసిందని ఎలా తెలుసుకోవాలి అని అడిగే హక్కు రోగికి వున్నది.

ఎలుకల వీపు మీద మొదలు

లేజర్ అనగానే కంటి ఆపరేషన్లు, ఇనుప రేకులు కోసే యంత్రాలు గుర్తుకొస్తాయి. 1960 మే 16న అమెరికాలోని కాలిఫోర్నియాలో థియోడర్ మైమన్ అనే శాస్త్రజ్ఞుడు కెంపు కడ్డీతో మొట్టమొదటి లేజర్‌ను వెలిగించాడు. నొప్పులకు వాడేది కూడా ఆ జాతి వెలుగే కాని బలం బహు తక్కువ. మామూలుగా అర వాట్‌కు మించదు. చర్మాన్ని కాల్చదు, కోయదు. అందుకే దీన్ని తక్కువ తీవ్రత లేజర్ అంటారు.

ఈ వైద్యం అనుకోకుండా పుట్టింది. 1967 ప్రాంతంలో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే డాక్టరు కేన్సర్‌కు సంబంధించిన ప్రయోగంలో ఎలుకల వీపు మీద వెంట్రుకలు గొరిగి, సగం ఎలుకలకు బలహీనమైన లేజర్ వెలుగు పట్టాడు. వాటికి కేన్సర్ రాలేదు సరికదా, వెలుగు పడిన ఎలుకలకు వెంట్రుకలు తొందరగా మొలిచాయి. ఆయన తర్వాత మానని పుండ్ల మీద ఇదే వెలుగును ప్రయోగించి చూశాడు. అక్కడి నుంచి ఇది నొప్పులకు, వాపులకు, కీళ్ళకు పాకింది.

ఒంట్లోని ప్రతి కణంలోనూ శక్తిని తయారుచేసే చిన్న చిన్న పొయ్యిల వంటివి వుంటాయి. ఎర్రని వెలుగును, కంటికి కనబడని పరారుణ వెలుగును వాటిలోని ఒక పదార్థం పీల్చుకుంటుందని, దానితో కణం చురుకుగా పనిచేసి వాపు తగ్గుతుందని పరిశోధకులు ఎక్కువమంది భావిస్తున్నారు.

మోతాదు తప్పితే ఫలితం లేదు

పైరుకు యూరియా తక్కువైతే ఎదుగుదల వుండదు, ఎక్కువైతే చేను పడిపోతుంది. ఈ వెలుగు కూడా అంతే. చాలకపోతే ప్రయోజనం లేదు, మించితే వున్న గుణం కూడా పోతుంది.

వెలుగు మోతాదును జౌళ్ళలో లెక్కకడతారు. యంత్రం బలాన్ని, పెట్టిన సెకన్లతో హెచ్చవేస్తే మోతాదు వస్తుంది. వాట్‌లో పదో వంతు బలం వున్న యంత్రాన్ని 40 సెకన్లు ఆనిస్తే 4 జౌళ్ళు పడినట్లు. మోకాలికి ఒక్కొక్క చోట 4 నుంచి 8 జౌళ్ళు కావాలని, 904 నానోమీటర్ల రకం లేజర్ అయితే 1 నుంచి 3 జౌళ్ళు చాలునని ఈ రంగంలోని ప్రపంచ లేజర్ చికిత్సా సంఘం సూచనలు చెబుతున్నాయి.

ఇక్కడ ఇంకొక చిక్కు వున్నది. యంత్రం మీద రాసిన బలం, అది నిజంగా ఇచ్చే బలం ఎప్పుడూ ఒకటి కావు. పాతబడిన కొద్దీ బలం తగ్గవచ్చు. తూకం రాళ్ళకు ముద్ర వేయించినట్లు, లేజర్ యంత్రాన్ని కూడా అప్పుడప్పుడు మీటరు పెట్టి చూడాలి. లేకపోతే 4 జౌళ్ళు పెట్టామనుకున్న చోట రెండే పడతాయి.

దొంగ దీపంతో పరీక్ష

"మా పక్కింటాయనకు తగ్గింది" అన్న మాటతో వైద్యం రుజువు కాదు. మోకాలి నొప్పి ఒకనాడు పెరుగుతుంది, ఒకనాడు తగ్గుతుంది. నొప్పి బాగా ముదిరినప్పుడే ఎవరైనా ఆస్పత్రికి వెళతారు. ఏ వైద్యమూ చేయకపోయినా కొన్నాళ్ళకు కొంత తగ్గడం సహజం. పైగా పనులు లేని రోజుల్లో కాలికి విశ్రాంతి దొరుకుతుంది. మంచి యంత్రంతో వైద్యం జరుగుతున్నదన్న నమ్మకం వల్ల కూడా కొంత నొప్పి తగ్గుతుంది.

వీటన్నిటినీ విడదీయడానికి పరిశోధకులు రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా చేస్తారు. ఒక జట్టుకు అసలు లేజర్. రెండవ జట్టుకు అచ్చంగా అలాగే వుండి, అలాగే చప్పుడు చేసి, వెలుగు మాత్రం ఇవ్వని దొంగ దీపం. పరారుణ వెలుగు కంటికి కనబడదు కనుక ఏది అసలో రోగికి తెలియదు. పెట్టేవారికీ, తర్వాత మోకాలిని కొలిచేవారికీ తెలియకుండా జాగ్రత్త పడతారు. అంతా ముగిశాకనే గుట్టు విప్పుతారు. రెండు జట్లకూ సమానంగా తగ్గితే అది వెలుగు గుణం కాదు. అసలు లేజర్ జట్టుకు ఎక్కువ తగ్గితే, ఆ ఎక్కువ భాగమే వెలుగు చేసిన మేలు.

నొప్పికి కొలబద్ద

పాలకు లీటరు, బియ్యానికి కిలో వున్నాయి. నొప్పికి ఏమున్నది? పది సెంటీమీటర్ల గీత ఒకటి గీస్తారు. ఎడమ కొస అంటే నొప్పి అసలు లేదు, కుడి కొస అంటే భరించలేని నొప్పి. ఈనాటి నొప్పి ఎక్కడున్నదో రోగి తానే గుర్తు పెట్టాలి. ఎడమ కొస నుంచి మిల్లీమీటర్లు లెక్కపెడతారు. నూటికి ఇన్ని అని వస్తుంది.

మోకాలు ఎంత ముడుచుకుంటున్నదో చూడడానికి గోనియోమీటరు అనే పరికరం వున్నది. రెండు కాళ్ళున్న కోణమానిని వంటిది. అయితే ఒకే మోకాలిని ఇద్దరు కొలిస్తే అయిదారు డిగ్రీల తేడా రావడం సాధారణం. కాబట్టి మూడు డిగ్రీలు మెరుగైందని ఎవరైనా చెబితే అది మోకాలి మెరుగో, చేతి వాటమో చెప్పలేము. మొదటిసారి కొలిచినవారే, అదే పద్ధతిలో మళ్ళీ కొలవాలి.

కుర్చీలో నుంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కు తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం పెట్టి చూసే పరీక్ష 1991 నుంచి వాడుకలో వున్నది. కెనడాలో తయారై 1988లో వెలువడిన వొమాక్ అనే ప్రశ్నల పట్టిక మరొకటి. అందులో 24 ప్రశ్నలు వుంటాయి. మెట్లు ఎక్కగలరా, కారు ఎక్కి దిగగలరా, స్నానపు తొట్టిలోకి దిగగలరా అని అడుగుతారు. కారు, తొట్టి లేని ఇంటి మనిషికి ఈ ప్రశ్నలు సరిపడవు. మన రైతుకు కావలసింది గొంతుకు కూర్చోవడం, బాసిపట్టు వేసుకుని భోజనం చేయడం, గట్టు దాటడం. కొలత మన బతుకును కొలిచేదిగా వుండాలి.

తేలినది ఎంత

మెడనొప్పి మీద జరిగిన 16 పరీక్షలను, 820 మంది రోగుల వివరాలను కలిపి చూసిన నివేదిక 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నూరు మిల్లీమీటర్ల గీత మీద దొంగ దీపం జట్టు కన్న లేజర్ జట్టుకు సుమారు 20 మిల్లీమీటర్లు ఎక్కువ తగ్గినట్లు అందులో తేలింది.

మోకాలి సంగతి అంత తేలిక కాలేదు. 2015లో 9 పరీక్షలను, 518 మందిని కలిపి చూసినవారు మోకాలి కీలు అరుగుదలకు లేజర్ ఉపయోగపడుతుందనడానికి ఆధారం లేదన్నారు. 2019లో 22 పరీక్షలను, 1,063 మందిని కలిపి చూసినవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ తగ్గిందన్నారు. సరైన మోతాదు పెట్టిన పరీక్షలను విడదీసి చూస్తే 18 మిల్లీమీటర్లు దాటింది. చాలని మోతాదు పెట్టినవాటిని, సరైనవాటిని ఒకే గంపలో వేయడం వల్లనే తేడాలు వస్తున్నాయని వీరి వాదన. అయినా ఇంగ్లండులో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2022లో, ఆధారాలు చాలవంటూ మోకాలి అరుగుదలకు లేజర్ వద్దన్నది. వ్యాయామానికి, బరువు తగ్గడానికే పెద్దపీట వేసింది.

అదే నైస్ సంస్థ కేన్సర్ చికిత్సలో నోరు పూసేవారికి ఈ వెలుగును వాడవచ్చునని 2018లో ఒప్పుకున్నది. అంటే వెలుగు వట్టి మాయ కాదు, సర్వరోగ నివారిణీ కాదు.

క్లినిక్కు మెట్లెక్కే ముందు

మోకాలికి లేజర్ పెట్టించుకోదలచినవారు ముందు డాక్టరుకు చూపించి నొప్పికి కారణం తెలుసుకోవాలి. జ్వరంతో కూడిన వాపు, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని నొప్పి, తగ్గని గడ్డ వుంటే లేజర్ కోసం కాలయాపన చేయరాదు. కేన్సర్ గడ్డ మీద, గర్భిణి కడుపు మీద ఈ వెలుగు పెట్టరు. పెట్టేటప్పుడు రోగికీ, పెట్టేవారికీ రక్షణ కళ్ళద్దాలు వుండాలి. కనబడని వెలుగు కదా అని తేరిపార చూస్తే కంటికే ముప్పు.

ఒక్కొక్క చోట ఎన్ని జౌళ్ళు పెడుతున్నారు, యంత్రాన్ని మీటరుతో ఎప్పుడు చూశారు అని నిర్మొహమాటంగా అడగవచ్చు. వైద్యం మొదలుపెట్టే రోజున ఒక నోటుపుస్తకంలో పది సెంటీమీటర్ల గీత గీసి గుర్తు పెట్టుకోవాలి. ఇంటి నుంచి బోరింగు దాకా నడవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, పొద్దున లేచాక కాలు ఎంతసేపు బిగుసుకుని వున్నదో రాసుకోవాలి. అయిదారుసార్లు అయ్యాక పాత పేజీ చూడకుండా మళ్ళీ గీత గీసి, తర్వాత రెండింటినీ పోల్చుకోవాలి. ఏమీ మారకపోతే మిగతా డబ్బు దండుగ చేసుకోనక్కరలేదు.

పరిశోధనలో చేరమని ఎవరైనా అడిగితే వివరాలన్నీ తెలుగులో చెప్పించుకోవాలి. ఇష్టం లేకపోతే మధ్యలో మానుకునే హక్కు వున్నది. మానుకున్నందుకు మామూలు వైద్యం ఆపరాదు. ఇటువంటి పరీక్షలను నమోదు చేసే జాతీయ పట్టిక మన దేశంలో 2007 నుంచి వున్నది. అందులో నమోదైందా అని కూడా అడగవచ్చు.

లేజర్ పెట్టించుకున్నా, మానినా తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం మాత్రం మానరాదు. కుర్చీలోనో అరుగు మీదో కూర్చుని, కాలు నిటారుగా చాచి, కాసేపు నిలిపి మెల్లగా దించడం ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. దానికి బస్సు ఛార్జీ లేదు, కూలి పోదు.