బందరులో చూసిన పసుపు గీత

1868 ఆగస్టు 18 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం నీడ గుంటూరు మీదుగా వచ్చి, మన గుడ్లవల్లేరునూ చీకటి చేసి, బందరు దగ్గర సముద్రంలోకి దిగిపోయింది. ఊళ్ళో జనం పట్టుస్నానాలు, విడుపుస్నానాలు చూసుకునే వేళ దొరలు దుర్భిణీలకు వర్ణపటదర్శినులు బిగించుకుని సిద్ధంగా ఉన్నారు. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, బందరులో మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన నార్మన్ పాగ్సన్. నక్షత్రాల కాంతిని కొలవడానికి నేటికీ వాడే లెక్కను 1856లో ప్రతిపాదించింది ఈ పాగ్సనే.

సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును విడగొడితే రంగు గీతలుగా చీలింది. వాటిలో ఒకటి పసుపు. సోడియం గీతలుండేది 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర, దీనిది 587.6. మీటరును వంద కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. దగ్గరి సోడియం గీతతో తేడా అలాంటివి రెండు ముక్కలు కూడా లేదు! పాగ్సన్ ఆ గీతను సోడియం చోటుకు దగ్గరగా గుర్తించాడు, అంతకుమించి ముందుకు పోలేదు. అది సోడియంది కాదని అదే ఏడాది ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ పట్టుకున్నాడు. అదే హీలియం. భూమ్మీద రసాయన శాస్త్రవేత్త రామ్సే చేతికి చిక్కింది 1895లో. భూమికన్నా ముందు సూర్యుడిలో దొరికిన మూలకం ఇదొక్కటే. అన్ని మూలకాల్లోకీ తక్కువ వేడికి, మైనస్ 269 డిగ్రీలకే మరిగేదీ ఇదే. హీలియం గుంటూరులోనే దొరికిందనడం కొంచెం ఎక్కువేగానీ, ఆ కథలో బందరు పేరు ఎత్తకపోవడం మరీ అన్యాయం.

ఇప్పుడు బందరులో పనిచేసే డాప్లర్ రాడార్ తరంగం పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, అంటే ఆ పసుపు వెలుగుకు లక్షా డెబ్బై వేల రెట్లు. రెండూ విద్యుదయస్కాంత తరంగాలే, కాకపోతే ఇది కంటికి ఆనదు. చినుకులకు తగిలి తిరిగొచ్చి తుపాను గాలి వేగం చెబుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేనాటికి ఇలాంటి డాప్లర్ వాతావరణ రాడార్ దేశంలోనే లేదు.

కంటికి ఆనకుండా పనిచేసేది ఇంకొకటి కావాలంటే పక్కనే పెడనలో కలంకారీ అద్దకం చూడండి. పటిక నీళ్ళు అద్దిన చోట గుడ్డ మీద ఎరుపు జాడే ఉండదు. రంగు వేర్లు వేసి మరిగించాకే ఎరుపు తేలుతుంది. పటికలోని అల్యూమినియం ఆ రంగును నూలుకు కరిపించి ఉంచుతుంది. ఇనప తుప్పూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళకు అంత ఓపిక అక్కర్లేదు, గుడ్డకు పట్టించిన కరక్కాయ తగలగానే నల్లబడతాయి.