చేపల కుంటలో పాచి: తెల్లవారుజామున పొంచి ఉండే ముప్పు



పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల నాటి చెరువులు మన వరంగల్ సీమకు పెట్టని కోటలు. అవి పెద్ద చెరువులు గనుక వాటి సంగతి వేరు. ఊరి చిన్న కుంటలోనో, పొలంలో తవ్వించిన గుంటలోనో చేపపిల్లలు వేసినవారికి పాచితో పెద్ద చిక్కు. రాత్రి బాగున్న చేపలు తెల్లవారేసరికి వెల్లకిలా తేలుతవి. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. ఎవరో విషం కలిపారని అనుకుంటాము. కాని చాలాసార్లు కారణము పాచియే.

అది ఎట్లాగంటే, పగలు ఎండలో పాచి నీటిలోనికి ప్రాణవాయువును వదలుతుంది. రాత్రి వెలుతురు లేనప్పుడు తానే దానిని పీల్చుకుంటుంది. పాచి మితిమీరితే తెల్లవారుజాముకు చేపలకు ఊపిరాడదు. మబ్బు పట్టి గాలి ఆడని రోజులలో ఈ గండం ఎక్కువ.

అట్లని పాచి అంతా చెడ్డదని అనుకోకండి. నీటికి లేత పచ్చరంగు తెచ్చే సూక్ష్మమైన పాచి చేపలకు మేత. అది హద్దులో ఉన్నదా లేదా చూడటానికి పరికరం అక్కరలేదు. చేతిని నిలువుగా ముంచండి. నీరు మోచేతికి వచ్చేసరికి అరచేయి లీలగా కనిపిస్తే బాగున్నట్లు. సగం మునగకముందే మాయమైతే పాచి ఎక్కువైనదని గ్రహించవలెను. బురదనీటిలో ఈ పరీక్ష పనికిరాదు.

పాచికి బలం ఎక్కడిది? నత్రజని, భాస్వరము. మనం వేసే పేడ, యూరియా, సూపర్ ఫాస్ఫేటు, చేపలు తినక మిగిలిన తవుడు, చెక్క అడుగున చేరి దానికి ఎరువు అవుతవి. కనుక పాచి పెరిగినప్పుడు మొదట ఎరువు ఆపవలెను, మేత తగ్గించవలెను. వీలైతే కొంత పాతనీరు తీసి కొత్తనీరు పెట్టవలెను. పీచులాగా అల్లుకునే పాచిని వలతోనో, కర్రతోనో లాగి గట్టుమీద వేయండి. అక్కడే వదలక పెంటకుప్పలో కలపండి. వేసవిలో కుంట ఎండితే పూడిక తీసి చేలో చల్లుకోండి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువు మట్టి పొలాలకు చేరింది గదా! పాచికి బలమిచ్చేదే పైరుకూ బలం.

చేపలచేత కూడ పని చేయించవచ్చు. 1959లో మన దేశానికి తెచ్చిన వెండిచేప సూక్ష్మమైన పాచిని, గడ్డిచేప మెత్తని నీటిమొక్కలను తింటవి. అయితే వెండిచేప పైనీటిలో మేసి బొచ్చెతో పోటీ పడుతుంది. ఎన్ని పిల్లలు వేయాలో మత్స్యశాఖ వారిని అడిగి వేయండి.

మైలుతుత్తం పోస్తే ఒక్కరోజులో పోతుందని కొందరంటారు. తొందరపడకండి. పాచి అంతా ఒకేసారి చచ్చి కుళ్ళితే ఉన్న ప్రాణవాయువు కూడ హరిస్తుంది. మందు మోతాదు మించితే చేపకే విషం.

తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే వెంటనే మోటారు పెట్టి నీటిని ఎత్తి కుంటలోనే జల్లుగా పడనివ్వండి. ఆ పూట మేత వేయకండి. అడుగు బురద కలపకండి.

మరొక్క మాట. గాలివాలు గట్టున రంగు పోసినట్లు నీలిపచ్చ తెట్టు కట్టితే ఆ నీటికి పశువులను తోలకండి. అందులో విషం ఉండవచ్చును.

రోజూ పొద్దు పొడవకముందే ఒకసారి కుంట గట్టుకు వెళ్ళి చూసుకోండి.