ఆకులకూ నోళ్లుంటాయ్.. అవి మూతపడాలంటే ముందు తలుపులు తెరుచుకోవాల్సిందే!

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వంగ, బెండ మొక్కల్ని ఎప్పుడైనా గమనించారా? ఆకులు వేలాడేసి, ప్రాణం పోయినట్టు కనిపిస్తాయి. సాయంత్రం చల్లబడేసరికి మళ్లీ లేచి నిలబడతాయి. మధ్యలో ఎవరూ నీళ్లు పెట్టలేదు. మరి ఏం జరిగింది? మధ్యాహ్నం వేర్లు పంపే నీటికంటే ఆకుల నుంచి ఆవిరయ్యేదే ఎక్కువ. సాయంత్రానికి ఆ ఖర్చు తగ్గుతుంది, వేర్లు లోటు పూడుస్తాయి. అయితే ఈ ఖర్చును అదుపులో పెట్టేందుకు ఆకులోనే ఓ ఏర్పాటు ఉంది. అవే కణాల పొరల్లో ఉండే సూక్ష్మమైన తలుపులు.. అయాన్ ఛానెల్స్!

దాహమా.. ఆకలా?

వేర్లు పీల్చుకున్న నీటిలో 90 శాతానికి పైగా ఆవిరైపోతుంది. మొక్క ఒంట్లో మిగిలేది చాలా తక్కువ. ఈ నీరు ఎక్కువగా పోయేది ఆకుల మీదుండే పత్రరంధ్రాల నుంచే. చాలా మొక్కల్లో ఒక్క చదరపు మిల్లీమీటరులోనే ఇవి వంద నుంచి మూడొందల దాకా ఉంటాయి.

పోనీ వాటిని మూసేసుకుంటే సరిపోదా అంటే.. అక్కడే ఉంది అసలు చిక్కు. మొక్క ఆహారం తయారు చేసుకోవడానికి కావాల్సిన కార్బన్ డయాక్సైడ్ లోపలికొచ్చేది కూడా ఈ రంధ్రాల నుంచే. తెరిస్తే దాహం, మూస్తే ఆకలి. పైగా నీరు ఆవిరైతేనే ఆకు చల్లబడుతుంది. మూసి కూర్చుంటే వేడెక్కిపోతుంది. రోజంతా మొక్క చేసే పని ఈ బేరమే!

తెల్లారగానే తలుపులు తెరిచేది ఇలా..

ప్రతి రంధ్రానికి రెండు పక్కలా చిక్కుడు గింజల్లాంటి రెండు రక్షక కణాలుంటాయి. అవి ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, సడలితే మూసుకుంటుంది. మరి వాటిని ఉబ్బించేదెవరు? కండరాలా? మొక్కకు అవెక్కడివి! ఇక్కడ పని చేసేది ఉప్పు సూత్రమే. ఊరగాయ కోసం ముక్కలకు ఉప్పు పడితే నీరు బయటికొచ్చేస్తుంది కదా.. ఉప్పు ఎటుంటే నీరు అటే నడుస్తుంది.

పొద్దున్నే వెలుతురులోని నీలికాంతి పడగానే రక్షక కణం తన లోపలి ప్రోటాన్లను బయటికి తోసేస్తుంది. దాంతో పొర లోపలివైపు రుణావేశం పెరుగుతుంది. ఆ మార్పుకు పొటాషియం ఛానెల్స్ తెరుచుకుంటాయి. ధనావేశం ఉన్న పొటాషియం లోపలికి దూసుకొస్తుంది. దాని వెనకే నీరు. కణం ఉబ్బుతుంది, రంధ్రం తెరుచుకుంటుంది.

మూయాలంటే తెరవాలి!

నేలలో తడి తగ్గితే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది. అది మొక్కకు అలారం లాంటిది. రక్షక కణాలకు ఆ కబురు అందగానే ఎస్ఎల్ఏసీ1 అనే ఛానెల్ తెరుచుకుంటుంది. దాని గుండా రుణావేశం ఉన్న క్లోరైడ్ వంటి అయాన్లు బయటికి పోతాయి. దాంతో పొర మీది ఆవేశం మారి, పొటాషియం బయటికెళ్లే ఛానెల్స్ కూడా తెరుచుకుంటాయి. ఉప్పు పోయింది, వెంటే నీరూ పోయింది. కణం సడలి రంధ్రం మూసుకుంది. ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది. అంటే నోరు మూసుకోవడానికి మొక్క లోపలి తలుపుల్ని తెరుస్తోందన్నమాట!

సైంటిస్టులు ఎలా కనిపెట్టారు?

సన్నని గాజు గొట్టం మొనను కణం పొరకు అతికించి, ఒక్క ఛానెల్‌లో పారే కరెంటును కొలిచే పద్ధతిని ఎర్విన్ నేహెర్, బెర్ట్ సాక్‌మన్ 1976లో చూపించారు. 1991లో వాళ్లకు నోబెల్ వచ్చింది. అదే పద్ధతితో 1984లో చిక్కుడు కుటుంబానికి చెందిన ఫాబా బీన్ మొక్క రక్షక కణాల్లో పొటాషియం ఛానెల్స్‌ను చూశారు.

ఎస్ఎల్ఏసీ1 గుట్టు 2008లో బయటపడింది. రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా, ఆవాల కుటుంబానికి చెందిన ఆరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో దీన్ని గుర్తించాయి. ఈ ఒక్క జన్యువు పాడైన మొక్కలు రంధ్రాలను సరిగా మూసుకోలేకపోయాయి. వాటి ఆకులు మామూలు వాటికంటే త్వరగా నీరు కోల్పోయాయి. ఒక్క తలుపు బిగుసుకుపోతే మొక్కకు ఎంత నష్టమో దీంతో తేలిపోయింది.

రైతుకు ఇందులో పనికొచ్చేదేంటి?

ఎరువుల దుకాణంలో దొరికే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడే. రక్షక కణాల్లోకి వచ్చీపోయే సరుకు కూడా ఇదే. పొటాష్ చాలకపోతే రంధ్రాల మీద మొక్కకు పట్టు తప్పుతుంది. ముదురాకుల అంచులు పసుపుబారి మాడినట్టవుతాయి. అలాగని ఎక్కువ వేస్తే కరువును గెలవొచ్చని కాదు. మట్టి పరీక్షలో ఎంత తేలితే అంతే వేయాలి.

ఇంకో సంగతి.. మధ్యాహ్నం ఆకు వాడిందని కంగారు పడక్కర్లేదు. మర్నాడు పొద్దున చూడండి. రాత్రంతా గడిచినా ఆకు కోలుకోలేదంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నేలలో తడి ఉందో లేదో వెంటనే చూసుకోవాలి. తడి ఉన్నా ఆకు వాడే ఉందంటే, వేరుకు తెగులు పట్టిందేమో పరీక్షించాలి.