దంతవైద్యమునకు ముందు పుక్కిలింత

పంటిపోటు పట్టినప్పుడు మనవారు మొట్టమొదట చేయు చికిత్స ఉప్పునీటి పుక్కిలింత. దానికి లొంగనిచో లవంగము. లవంగమునకును లొంగనిచో దంతవైద్యుడు. అయితే ఆ వైద్యుని కుర్చీలో కూర్చుండిన పిమ్మట గూడ మరల ఒక పుక్కిలింతయే ఎదురగుట కలదు. చిన్న గ్లాసులో గోధుమవన్నె మందునీటిని అందించి, “అర నిమిషము పుక్కిలించి ఉమ్మివేయండి” అని చెప్పుదురు. నొప్పి తగ్గుటకే ఇది అని పలువురు భావింతురు. నిజమునకు దీని ప్రయోజనము వేరు. ఆ గదిలో గాలి పీల్చువారందరి రక్షణ కొరకు ఇది ఏర్పడినది.

మన నోరు సూక్ష్మజీవులకు నెలవు. హాలెండు దేశీయుడైన లేవెన్‌హుక్ 1683లో తన పండ్లపాచిని గీకి, భూతద్దముతో చూచి, అందు కదలాడు జీవులను లోకమునకు ఎరిగించెను. నోరు మూసికొనియున్నంతవరకు ఆ జీవులు ఇతరులకు అంతగా బాధకములు కావు. దంతవైద్యుడు యంత్రమును నోటిలో పెట్టినప్పుడు సంగతి మారును. పుచ్చుపంటిని తొలుచు యంత్రము నిమిషమునకు మూడు లక్షలకు పైబడి తిరుగగలదు. ఆ రాపిడివేడికి పన్ను చెడకుండ దానిపై నీటిని చిమ్ముచుందురు. ఆ నీరు లాలాజలముతోను, ఒక్కొక్కప్పుడు రక్తముతోను కలిసి తుంపరయై లేచును. పెద్ద బిందువులు వైద్యుని ముఖముపైనను, రోగి ఎదపైనను పడును. మిల్లీమీటరులో ఇరువదవ వంతు కంటె చిన్నవైనవి గాలిలో తేలియాడును. ఈ విషయమును అమెరికాలో మిసిక్ మున్నగు పరిశోధకులు 1969లోనే శాస్త్రీయముగా పరిశీలించి ప్రకటించిరి.

ఈ తుంపరలోని అపాయము ఎట్టిదో 2020లో సామాన్యులకు గూడ తెలిసివచ్చినది. ఆ సంవత్సరము మార్చిలో విదేశమునుండి వచ్చిన ఒక బృందమునందు కోవిడ్ బయటపడగా, కరీంనగరములో వారు సంచరించిన ప్రాంతమును కట్టుదిట్టము చేసి, వైద్యబృందములు ఇంటింటికి వెళ్ళి ప్రజలను పరీక్షించినవి. మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ అమలయ్యెను. లాలాజలమునందే వైరసు ఉండునని తేలుటచే, రోగి నోటికి అడుగు దూరములో ముఖముంచి పనిచేయు దంతవైద్యులు అందరికంటె ముందు వరుసలో నిలువవలసివచ్చెను. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2020 మే నెలలో దంతవైద్యులకు ప్రత్యేక నియమావళిని వెలువరించినది. కట్టడి ప్రాంతములలో దంతవైద్యశాలలు మూసియుంచి ఫోనులో సలహా చెప్పవలెననియు, రెడ్‌జోనులలో అత్యవసర చికిత్సలు మాత్రము చేయవచ్చుననియు దాని సారాంశము. ఉట్నూరు, జైనూరు వంటి అటవీప్రాంతములనుండి పట్టణమునకు రావలసినవారికి అసలే దూరమైన దంతవైద్యము ఆ దినములలో మరింత దూరమైనది.

అటువంటి సమయమున పుక్కిలింతపై అందరి చూపు పడినది. అందులకు శాస్త్రకారణము లేకపోలేదు. కోవిడ్ వైరసుపై క్రొవ్వుతో కూడిన ఒక పలుచని పొర కలదు. సబ్బు చేతిపైని వైరసును ఏ విధముగా విచ్ఛిన్నము చేయునో, కొన్ని మందునీళ్ళలోని సెటైల్‌పిరిడీనియం క్లోరైడ్ అను పదార్థము ఆ పొరను ఆ విధముగనే చెరుపును. పావిడోన్ అయొడిన్‌నుండి వెలువడు అయొడిన్ వైరసులోని ప్రోటీనులను చెడగొట్టును. 1955లో అమెరికాలో రూపొందిన ఈ మందు నేడు మన మందులషాపులన్నిటను దొరకుచున్నది.

2020 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పరీక్షకు ముందు 1 శాతము హైడ్రోజన్ పెరాక్సైడుతో గాని, 0.2 శాతము పావిడోన్ అయొడిన్‌తో గాని ఇరువది సెకండులు పుక్కిలింపచేయుట మేలని సూచించినది. ఆ యేడాదియే జరిగిన ప్రయోగశాల పరీక్షలలో 0.5 శాతము పావిడోన్ అయొడిన్ పదునైదు సెకండులలో వైరసును నిర్వీర్యము చేసినది. కాని హైడ్రోజన్ పెరాక్సైడు 1.5 శాతము నుండి 3 శాతము వరకు వాడినను అంత స్వల్పకాలములో చూపిన ప్రభావము చాల తక్కువ. ఆపత్సమయమున తొందరగా ఇచ్చిన సలహాలను పిదప పరీక్షించి చూడవలసియుండునని దీనివలన తెలియుచున్నది.

పరీక్షనాళికలో గెలిచిన మందు మనుష్యుని నోటిలో గెలువవలెనన్న నియమము లేదు. లాలాజలము దినమునకు అర లీటరు మొదలు లీటరున్నర వరకు ఊరుచునే యుండును. ముక్కులోను, గొంతు లోపలను, ఊపిరితిత్తులలోను ఉన్న వైరసును పుక్కిలింత తాకనైన తాకదు. సింగపూరులో కోవిడ్ రోగులపై జరిగిన ఒక పరిశీలనలో పావిడోన్ అయొడిన్, సెటైల్‌పిరిడీనియం క్లోరైడ్ లాలాజలములోని వైరసును కొంతసేపు తగ్గించినట్లు కనబడినది. అయితే అందు లెక్కకు వచ్చినవారు పదునార్గురు మాత్రమే. 2022లో కాక్రేన్ సంస్థ ఇట్టి పరిశోధనలను పదునేడింటిని సమీక్షించినది. దంతవైద్యులకు వ్యాధి సోకుట తగ్గినదా లేదా అని వానిలో ఒక్కటియు కొలిచియుండలేదు. గాలిలోని బాక్టీరియా తగ్గుటను మాత్రమే అవి చూపినవి. కావున పుక్కిలింత ఒక తోడు రక్షణ మాత్రమే. మాస్కు, ముఖకవచము, తుంపరను వెంటనే పీల్చివేయు గొట్టము, గాలివెలుతురు గల గది, పంటిచుట్టు కట్టు రబ్బరుతెర — ఇవి ప్రధానములు.

మన ఆయుర్వేదమునందు గండూషము, కబళము అను రెండు విధములైన పుక్కిలింతలు చెప్పబడినవి. నోరు కదపలేనంత నిండుగ ద్రవమును పట్టియుంచుట గండూషము. కదపుటకు వీలుగా కొంచెము పట్టుట కబళము. నోటి శుభ్రతకు మన పెద్దలు ఇచ్చిన ప్రాధాన్యమును ఇవి తెలుపును. ఉప్పునీరు చిగుళ్ళకు హాయినిచ్చును. ఈ కారణమున వీనిని వైరసుకు విరుగుడులని భావింపరాదు.

ఇక గృహస్థులు గుర్తుంచుకొనవలసిన సంగతులు కొన్ని కలవు. గాయములకు పూయు పావిడోన్ అయొడిన్ ద్రావణము వేరు, పుక్కిలించుటకు చేసినది వేరు. రంగు ఒకటియే గదా అని మొదటిదానిని నోట పోసికొనరాదు. థైరాయిడ్ జబ్బు కలవారు, అయొడిన్ సరిపడనివారు, గర్భిణులు ఆ సంగతిని వైద్యునితో ముందే చెప్పవలెను. పుక్కిలించి ఉమ్మివేయుట తెలియని పసిపిల్లలకు ఈ మందునీళ్ళు ఇయ్యరాదు. క్లోర్‌హెక్సిడిన్ నీటిని చిగుళ్ళ వ్యాధికి వైద్యుడు చెప్పినన్ని దినములే వాడవలెను. ఎక్కువకాలము వాడినచో పండ్లపై గోధుమరంగు మరకలు పడును. పెరాక్సైడును ఇంటిలో కొలత లేక కలిపి వాడుట నోటిపొరకు హాని.

అన్నిటికి మించినది మరియొకటి. జ్వరము, దగ్గు ఉన్నప్పుడు ఆ మాట దాచి దంతవైద్యుని కుర్చీ ఎక్కరాదు. అత్యవసరము కాని చికిత్సను కొద్దిదినములు వాయిదా వేసికొనవచ్చును. అత్యవసరమైనచో ముందుగా తెలిపినయెడల వైద్యుడు తగిన ఏర్పాటు చేసికొనగలడు. కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసినదని 2023 మే 5న ప్రకటింపబడినది. అయినను జలుబు, ఫ్లూ మొదలగు వ్యాధులు ప్రతి యేడు వచ్చుచునే యున్నవి. రోగి నిజము చెప్పుటయు, వైద్యుడు జాగ్రత్త పాటించుటయు జరిగినచో, అర నిమిషపు పుక్కిలింత తన వంతు పనిని తాను చేయును.