ఎక్కుడు, దిగుడు: కొండదారిలో క్రూయిజ్ కంట్రోలు

ఎడ్లబండి నాటినుండి నేటి మోటారు కారు వరకు, బండి నడుపువానికి కొండదారి ఒక పరీక్షయే. ఎక్కునపుడు బలము చాలదు. దిగునపుడు వేగము చేతికి చిక్కదు. హైదరాబాదు డ్రైవర్లు ఉర్దూలో వీనినే చఢావ్, ఉతార్ అందురు. ఎక్కుడైనను దిగుడైనను కారు వేగమును ఒక్క తీరున నిలుపునను పేరుతో నేడు అనేక కార్లలో క్రూయిజ్ కంట్రోలు అను సాధనము అమర్చబడుచున్నది. అది ఎంతవరకు మాట నిలుపుకొనగలదు, ఎక్కడ నిలుపుకొనలేదు అను సంగతిని ఈ వ్యాసమున వివరింపదలచితిమి. మన విద్యార్థులలో కొందరు భౌతికశాస్త్రమును అభ్యసించుచున్నారు. మరికొందరి ఇండ్లలో తండ్రియో అన్నయో కారు నడిపి కుటుంబమును పోషించుచున్నాడు. ఇరువురికిని ఈ విషయము పనికివచ్చునదే.

దీనిని విచారించుటకు మన నగరములో జూబిలీహిల్సు, ఫిల్మ్‌నగరు తగిన స్థలములు. మద్రాసునుండి తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమముగా హైదరాబాదు చేరిన దశాబ్దములలో, ఈ రాతిగుట్టల మీద తారల గృహములు, స్టూడియోలు వెలసినవి. రామానాయుడు స్టూడియో ఫిల్మ్‌నగరు గుట్టమీదనే ఉన్నది. బండలను తప్పించుకొనుచు వేసిన రోడ్లగుటచే అవి వంపులు తిరుగుచు, లేచుచు, వాలుచుండును. తెల్లవారకముందే కెమెరాలను, దీపములను, జనరేటర్లను మోసుకొని షూటింగు వాహనములు ఈ వాలులనెక్కును. ఇట్టి దారిలో పాదము యాక్సిలరేటరు మీద ఒక్కచోట నిలుచుట అసాధ్యము.

వేగమును యంత్రమే సరిదిద్దుకొనవలెనను ఆలోచన క్రొత్తది కాదు. 1788లో జేమ్సు వాటు తన ఆవిరియంత్రమునకు గిరగిర తిరుగు రెండు గుండ్ల గవర్నరును అమర్చెను. వేగము పెరిగినచో గుండ్లు విచ్చుకొని ఆవిరిని తగ్గించును. తగ్గినచో ముడుచుకొని ఆవిరిని పెంచును. కార్లకు అట్టి సాధనమును కూర్చినవాడు అమెరికా దేశపు ఇంజనీరు రాల్ఫ్ టీటర్. అయిదేండ్ల ప్రాయమున ప్రమాదవశమున చూపు కోల్పోయిన ఈయన ఇంజనీరింగు పట్టము పొందెను. తన న్యాయవాది కారు నడుపుచు మాటలాడునపుడు వేగము తగ్గించుచు, వినునపుడు పెంచుచుండగా, ఆ కుదుపులకు విసిగి ఈ యంత్రమును తలపెట్టెనని చెప్పుదురు. 1950లో ఆయనకు పేటెంటు లభించినది. 1958లో క్రైస్లరు సంస్థ దానిని తన కార్లలో ప్రవేశపెట్టినది.

నేటి సాధనమునకు గుండ్లు లేవు. ఎలక్ట్రానిక్ పరికరములు ఆ పని చేయుచున్నవి. కాని సూత్రమొక్కటే. డ్రైవరు కోరిన వేగమును యంత్రము జ్ఞాపకముంచుకొనును; చక్రముల అసలు వేగమును కొలుచును; రెంటికిని గల భేదమును బట్టి ఇంజనుకు బలమును పెంచుటయో తగ్గించుటయో చేయును. ఇందు గమనింపవలసినది ఒకటున్నది. భేదము కలిగిన పిదపనే యంత్రమునకు కదలిక. ముందు మిట్ట వచ్చుచున్నదని మన కన్ను చెప్పును. సాధారణ క్రూయిజ్ కంట్రోలునకు ఆ వార్త కారు నెమ్మదించిన తరువాతనే అందును.

ఇప్పుడు ఎక్కుడు సంగతి చూతము. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువుగల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. చదునునేల మీద టైర్ల నిరోధము, గాలి నిరోధము కలిపి సుమారు 25 కిలోల బరువుకు సమానమైన బలము దానిని వెనుకకు లాగును. ఇరువది మీటర్ల దూరమునకు ఒక మీటరు లేచు వాలు వచ్చినదా, కారు బరువులో ఇరువదియవ వంతు, అనగా మరి 60 కిలోలు వెనుకకు లాగును. వేగము నిలువవలెనన్న ఇంజను మునుపటికి మూడు రెట్లకు పైగా శక్తినీయవలెను. అందుచే యంత్రము బలమును పెంచును. అదియు చాలనిచో, ఆటోమేటిక్ గేరు కారైన క్రింది గేరుకు దిగి హోరుమని ఎక్కును. చేతితో గేరు మార్చు కారైన డ్రైవరే మార్చవలెను. క్లచ్ తొక్కగానే పెక్కు కార్లలో ఈ సాధనము పనిమానును.

యంత్రము లోటును మాత్రమే గాక, ఆ లోటు ఎంతసేపు నిలిచినదో కూడ లెక్కకట్టి బలము పెంచును. మిట్ట దీర్ఘమైనపుడు ఈ లెక్క పేరుకొనును. కారు శిఖరముచేరి నేల చదునైనను, పేరుకొన్న బలము వెంటనే తగ్గక, కారు కోరిన వేగమును ఒక్కింత మించును. మంచి తయారీదారులు దీనికి హద్దులు కట్టుదురు గాని, మిట్టకొస వద్ద కారు ముందుకు ఉరుకుట కొన్నింట నేటికిని తెలియుచుండును. మిట్టకొసకు ఆవల ఏమున్నదో కనబడని చోటనే ఈ ఉరుకు వచ్చుట గమనార్హము.

దిగుడులో చిక్కు ఇంతకంటె పెద్దది. అదే వాలున అదే కారు దిగునపుడు ఆ 60 కిలోల బలము ముందుకు త్రోయును. నిరోధములు 25 కిలోలు అడ్డగించినను ఇంకను 35 కిలోలు మిగులును. సాధారణ క్రూయిజ్ కంట్రోలు చేయగలిగినదంతయు ఇంజనుకు బలము ఆపుటయే. బ్రేకు దాని చేతిలో లేదు. ఈయగలదు గాని పట్టలేదు. గేరులోనున్న ఇంజను కొంత అడ్డగించును గాని, పై గేరులో ఆ అడ్డు స్వల్పము. మీటరులో 60 అని నిర్ణయించియుండగా కారు 70 దాటి పోవుట ఇందువలననే.

పెట్రోలు ఆదాయగునని కొందరు వాలుమీద న్యూట్రలులో దింపుదురు. అపుడు ఇంజను అడ్డు కూడ పోయి, పై లెక్క ప్రకారము సెకనుకు దాదాపు గంటకొక కిలోమీటరు చొప్పున వేగము హెచ్చును. అర కిలోమీటరు దిగులోపున 60 కాస్త 80 అగును. వేగము 80 అయినపుడు బ్రేకు వేసి ఆపుటకు పట్టు దూరము 60నాటి దానికి ముప్పాతికకు పైగా ఎక్కువ. పైగా నేటి ఇంజన్లు గేరులో దిగునపుడు యాక్సిలరేటరు వదలినచో ఇంధనమును పూర్తిగా ఆపివేయును. న్యూట్రలులోనో ఇంజను తిరుగుటకు ఇంధనము కావలెను. ఆదాయని తలచినది నష్టమే. ఎడతెగక బ్రేకు మీదనే ఆధారపడుటయు మంచిది కాదు. దీర్ఘమైన దిగుడులో అవి వేడెక్కి పట్టు తప్పును. కావుననే ఎక్కిన గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పుదురు. తిరుమల కొండదారిలోను, నల్లమల గుండా శ్రీశైలము పోవు దారిలోను ఈ మాట ప్రాణరక్షకము.

ఇటీవలి అడాప్టివ్ రకములు రాడారుతో ముందరి బండిని కనిపెట్టి బ్రేకు కూడ వేయగలవు. దిగుడులో అవి మేలు. కాని మిట్టకొస వద్ద రాడారు కిరణము ఆకాశమునకు చూపును. వంపులో ప్రక్క వరుసనో రాతిగోడనో చూపును. ముందరి బండి కనుమరుగైనదని తలచి కారు వేగము పెంచవచ్చును. విద్యుత్ కార్లు దిగునపుడు మోటారునే జనరేటరుగా త్రిప్పి వేగమును పట్టి, ఆ శక్తిని బ్యాటరీలో నింపుకొనును. ఇది చక్కని ఏర్పాటు. అయితే గుట్టమీది ఇంట రాత్రంతయు చార్జి చేసి నిండు బ్యాటరీతో ఉదయము దిగువారికి, నింపుటకు చోటు లేక ఆ పట్టు చాలవరకు తగ్గవచ్చును.

మరి ఈ సాధనమునకు తగిన చోటేది? చెక్‌పోస్టు చౌరస్తా నడుమ కాదు. అచట దానిని పెట్టుటకు కావలసిన వేగమే అరుదుగా దొరకును. జూబిలీహిల్సు 45వ నంబరు రోడ్డునుండి, 2020లో తెరచిన దుర్గము చెరువు తీగల వంతెన దాటి, గచ్చిబౌలి మీదుగా 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు చేరినవారికి అది నిజముగా ఉపకరించును. వాలు స్వల్పము, చూపు దూరము, వాహనములు పలుచన అయిన చోట అది పాదమునకు విశ్రాంతినిచ్చి, తెలియక వేగము మీరకుండ కాపాడును. వానలో, వంపులో, నిటారు దిగుడులో దానిని ఆపివేయుటయే వివేకము.

ప్రియ విద్యార్థులారా! టీటరు మహాశయుడు కన్నులు లేకున్నను చెవితో, స్పర్శతో దారినెరిగినవాడు. ఆయన చేసిన యంత్రమునకు తెలిసినది వేగమొక్కటే. దాని ఆజ్ఞ చొప్పున 60 నిలిపినను, ఆ వంపులో 60 తగునా యను ప్రశ్న దానికి తోచదు. ఆ ప్రశ్న డ్రైవరుదే. పాదమునకు విశ్రాంతి దొరికినపుడు కన్నునకు పని పెరిగినదని గ్రహించువాడే యంత్రమునకు యజమానుడు. ఈ మాటను మీ ఇంట కారు నడుపువారికి కూడ చేరవేయుడని మా కోరిక.