ఇంగ్లీషు పీరియడులో మాట్లాడితే నేరమా?

సారు పక్క తరగతికి వెళ్లగానే క్లాసు లీడరు నల్లబల్ల మూలన ఒక గీత గీసి ‘మాట్లాడినవారు’ అని రాస్తాడు. దాని కింద పేర్లు చేరుతుంటాయి. సారు తిరిగి రాగానే ఆ పేర్లవారంతా లేచి నిలబడాలి. పల్లెటూరి బడిలో చదువుకున్న వారెవరికీ ఈ జాబితా కొత్త కాదు. లెక్కల పీరియడులో దీనివల్ల ఏమి మేలు జరిగిందో గాని, ఇంగ్లీషు పీరియడులో సైతం పలుచోట్ల ఇదే పద్ధతి సాగుతుండటం విచారకరం. మాట నేర్పవలసిన గంటలో మాట్లాడినవాడిని దోషిగా నిలబెడితే ఇక ఆ పిల్లవాడికి మాట ఎప్పుడు వస్తుంది?

తెలంగాణలోని ప్రభుత్వ బడులలో 2022-23 విద్యా సంవత్సరం నుంచి 1వ తరగతి మొదలుకొని 8వ తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టిన సంగతి విదితమే. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు అచ్చువేసిన పుస్తకాలు కూడా వచ్చాయి. పుస్తకాలు మారాయి గాని గదులు మారలేదు. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరే ఉపాధ్యాయులు. తరగతులేమో అయిదు. అంటే ఒక్కొక్క సారు ఒకే సమయంలో రెండు మూడు తరగతులను చూసుకోవాలి. ఒకరు సెలవు పెడితే అయిదు తరగతులూ రెండోవారి నెత్తినే పడతాయి.

ఇటువంటి గదిలో ఇంటి వద్ద ఇంగ్లీషు ముక్క వినని ఆరేళ్ల పిల్లవాడిని కూర్చోబెట్టి పాఠం చదివితే అయిదు నిమిషాలు వింటాడు. ఆపైన పక్కవాడి పలక లాగుతాడు, బలపం దాస్తాడు. దీనిని అల్లరి అంటున్నాము. నిజానికి వాడికి పాఠం అర్థం కాలేదు, చేయడానికి పనీ లేదు. గోండు గూడేలలో, లంబాడీ తండాలలో అయితే పిల్లలకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది.

పూర్వం ఈ అల్లరికి మందు బెత్తమే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. మంచి పనే. అయితే బెత్తం స్థానంలో ఏమి చేయాలో తమకు ఎవరూ సరిగా చెప్పలేదని వాపోయే ఉపాధ్యాయులు లేకపోలేదు.

అనుభవం గల సార్లు, టీచరమ్మలు దీనికి తేలిక దారి కనిపెట్టారు. క్లాసును అదుపులో పెట్టే మాటలనే పాఠంగా మార్చుకోవడం ఆ దారి. ‘ఓపెన్ ద డోర్’ అని సారు మొదట తానే వెళ్లి తలుపు తీస్తాడు. రెండోసారి ఒక పిల్లవాడిని పంపుతాడు. మూడోసారి గదిలో సగం మంది లేస్తారు. సిట్ డౌన్, కమ్ హియర్, టేక్ యువర్ స్లేట్ వంటి మాటలు రోజూ అదే సైగతో అంటుంటే నెల తిరిగేసరికి సైగ లేకున్నా పిల్లలు కదులుతారు. తల్లి చెప్పిన పని చేస్తూ చంటిపిల్లలు మాట నేర్చినట్లే ఇదీను. అమెరికాకు చెందిన మానసిక శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో ఈ పద్ధతినే పరీక్షించి ప్రచారంలోకి తెచ్చారు. దీనికి కావలసిన సామగ్రి తలుపు, కిటికీ, పలక. అవి లేని బడి ఉండదు కదా!

గోల పెరిగినప్పుడు గొంతు చించుకుని ‘సైలెన్స్’ అని అరిస్తే గది ఒక్క నిమిషమే ఊరుకుంటుంది. మూడు చప్పట్లు కొట్టి, పిల్లలు తిరిగి మూడు చప్పట్లు కొట్టేదాకా ఆగడం మేలు. రెండు తరగతులు ఒకే చోట ఉంటే ఒక గుంపును పలకలతో వరండాలో కూర్చోబెట్టి, రెండో గుంపుతో లోపల మాట్లాడించి, పావుగంటకు మార్చుకోవచ్చు.

పిల్లలు ఖాళీ సంచితో రారు. బస్సు, సైకిలు, గ్లాసు, ప్లేటు, బకెట్టు, లైటు, ట్రాక్టరు, మోటారు, పైపు... ఇవన్నీ వారి ఇళ్లలో ఉన్న ఇంగ్లీషు మాటలే. వీటితో మొదలుపెడితే వెనుక వరుసలోని పిల్ల కూడా నోరు విప్పుతుంది. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది గనుక పిల్లలు ‘బుక్’ను ‘బుక్కు’ అనడం సహజం. అప్పుడు నవ్వితే ఆ పిల్ల ఏడాదంతా మౌనమే. నవ్వకుండా సరైన మాటను మరోసారి పలికి ముందుకు సాగితే సరిపోతుంది. ఆట నియమం చెప్పాలన్నా, తగవు తీర్చాలన్నా తెలుగులో రెండు ముక్కలు చెబితే పోయేదేమీ లేదు. తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన ఉదంతాలు గతంలో పత్రికలకెక్కాయి. అది చదువు చెప్పడం అనిపించుకోదు.

ఇక్కడ ఊరివారి పాత్ర కూడా ఉంది. పొలానికి వెళ్తూ బడి గోడ పక్కన ఆగిన తండ్రికి లోపల చప్పట్లు, కేకలు వినిపిస్తాయి. ‘సారు చదువు చెప్తున్నడా, ఆటలాడిస్తున్నడా?’ అని హోటలు దగ్గర మాట పుడుతుంది. పై సంవత్సరం ఆ ఇంటి పిల్లవాడు ప్రైవేటు బడి బస్సెక్కుతాడు. పిల్లల సంఖ్య తగ్గితే ఉన్న సారును కూడా వేరే బడికి పంపుతారు. ఈ భయంతోనే కొందరు సార్లు మాట్లాడించడం మానేసి పుస్తకం చూసి రాయించే పనికి దిగుతున్నారు. నోటు పుస్తకం నిండుతుంది, తండ్రి సంతోషిస్తాడు, పిల్లవాడికి మాత్రం ‘వాట్ ఈజ్ యువర్ నేమ్’ అంటే చెమటలు పడతాయి. కనుక గోల వినిపించినప్పుడు కిటికీ దగ్గర రెండు నిమిషాలు నిలబడి అది కొట్లాటో పాఠమో తెలుసుకోవడం తండ్రులకు చేతకాని పనేమీ కాదు.

లీడరు జాబితాను పూర్తిగా తీసేయవలసిన అవసరం కూడా లేదు. దాని పైన ‘ఇంకా మాట్లాడనివారు’ అని రాయిస్తే చాలు. గంట కొట్టడానికి ముందు ఆ నలుగురైదుగురిని సారు దగ్గరకు పిలిచి, చేతిలో గ్లాసో బలపమో పెట్టి, తలా ఒక మాట అడిగితే పేర్లు చెరిగిపోతాయి. వానాకాలంలో మాత్రం వరండా తడిసి ఇబ్బందే. ఆ రోజులలో రెండు గుంపులూ ఒకే గదిలో ఒదిగి కూర్చోవలసిందే.